ధైర్యం కాదు, భూమి చూపండి

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. కూనవరం, వి.ఆర్.పురం వైపు మనవాళ్లు కట్టుబట్టలతో గుట్టలెక్కారు. పోలవరం ముంపు పేరుతో అంతకుముందే కాలనీలకు చేరినవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ ఒకటే సలహా: "మార్పును ఒప్పుకోండి, మనసు గట్టి చేసుకోండి."

మనసుకేం రోగం? నిన్నటిదాకా అడవిలో ఏరుకున్న కట్టె, కూర ఇవాళ కొనాలి. ఇప్పచెట్టు లేదు, మేకను కట్టేసే చోటూ లేదు. దీనికి ఒత్తిడి అని పేరు పెట్టి, మందు మన తలలోనే వెతకమంటున్నారు. తాగుతున్నాడని తిట్టేవాళ్లు వాడి చేను ఏమైందో అడగరు.

సాగునీటి ప్రాజెక్టులో భూమి పోయిన గిరిజనుడికి పోయినంత భూమి గానీ, రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది ఇవ్వాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. (తక్కువైతేనట! అక్కడా పొదుపే.)

టీచర్లూ, తరగతిలో కునికే పిల్లను మొద్దు అనకండి. వదిలొచ్చిన వాగు పేరు, గుట్ట పేరు కోయ మాటలో చెప్పనివ్వండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దిగులును ఒంటరిగా మింగకండి. చెదిరిన ఊరంతా భూమి పండుగకు ఒకచోట చేరండి. పండుగయ్యాక అక్కడే కూర్చుని, ఎవరికెంత భూమి రావాలో, ఎంత వచ్చిందో రాయండి. ఆ కాగితం గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి.