ఊరి జట్టు ఎవరిది?

మన సోదరీమణులలో అనేకుల బిడ్డలు అమెరికాలో కాపురములు చేయుచుండుటచేత, వేసవిలో అచ్చటికి పోయి కొన్ని మాసములుండి వచ్చు తల్లుల సంఖ్య నానాటికి హెచ్చుచున్నది. అట్లు పోయినవారు న్యూయార్కు మహానగరమును, నయాగరా జలపాతమును చూచి వచ్చుచున్నారు. ఆ రెంటికిని నడుమనున్న చిన్న ఊళ్లలో సాయంకాలము పనులు ముగిసిన పిమ్మట జనులెచ్చటికి పోవుదురో విచారించినవారు మాత్రము అరుదు. వారు బేసుబాలు అను బంతియాట చూడబోవుదురు. ఈ మాసమున ఆ యాటను గూర్చియు, దానిపై మమకారము పెట్టుకొన్న స్త్రీ పురుషులను గూర్చియు ముచ్చటింప దలచితిమి.

క్రికెట్టు నెరిగిన ఇంటివారికి ఈ యాట తెలియుట కష్టము కాదు. ఒకడు బంతి విసరును; మరియొకడు కర్రతో కొట్టును; కొట్టినవాడు నాలుగు మూలలును చుట్టి వచ్చినచో ఒక పరుగు. పక్షమునకు తొమ్మండుగురు, వంతులు తొమ్మిది. అంతవరకు సులభమే. మనవారికి వింతగా తోచునది జట్ల ఏర్పాటు. మహానగరములందలి పెద్ద జట్లు 30. ఒక్కొక్క పెద్ద జట్టు క్రింద నాలుగు మెట్లుగా నాలుగు చిన్న జట్లుండును. కుర్రవాడు క్రింది మెట్టున చేరి, నేర్చుకొనుచు పైకి పోవలెను. చిన్న ఊరిలో ఆడు ఆటగాడు ఆ ఊరివాడు కాడు. వానికి జీతమిచ్చువారును, వాని నెచ్చటికి పంపవలెనో నిర్ణయించువారును పెద్ద జట్టువారే. ఊరివారికి మిగులునవి మైదానము, టిక్కెట్ల అమ్మకము, వేరుసెనగకాయలు, బల్లలమీద కూర్చుండి కేకలు వేయు హక్కు.

అయినను ఆ కేకలు వేయువారిలో కొందరి శ్రద్ధ చూడదగినది. ఒడిలో పుస్తకము, చేతిలో పెన్సిలు పెట్టుకొని ప్రతి బంతికిని లెక్క వ్రాసుకొను ముసలమ్మలు అచ్చట సామాన్యముగా కనబడుదురు. ఆ లెక్కకు ఒక లిపి కలదు. బంతి విసరువాడు 1, వాని కెదురుగా పట్టువాడు 2, రెండవ మూలకును మూడవ మూలకును నడుమ నిలుచువాడు 6. కొట్టబూనినవాడు మూడుసార్లు తప్పి వెడలినచో ‘కె’ అను అక్షరము. 6, 4, 3 అని వరుసగా వ్రాసినచో బంతి ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయెనో ఇరువదియేండ్ల తరువాతనైనను చదువుకొనవచ్చును. మహానగరముల పత్రికలు ఈ చిన్న ఆటలను పట్టించుకొనవు. ఈ జట్ల చరిత్రలో చాల భాగము ఇట్టివారి పుస్తకములలోనే నిలిచియున్నదని మా యభిప్రాయము.

వీరి మమకారమున ఒక చిక్కు కలదు. కుర్రవాడు బాగుగా ఆడినకొలది ఊరు విడిచి పోవు దినము దగ్గరపడును. జూన్ మాసమున వాని పేరు నేర్చుకొని, జూలైలో వాని తల్లిదండ్రులతో పరిచయము చేసికొని, ఆగస్టులో వాడు పై మెట్టునకు పోయెనని విని చప్పట్లు కొట్టవలెను. ఆడపిల్లను పెంచి అత్తవారింటికి పంపిన మన తల్లులకు ఈ సంతోషమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

అంతేకాదు. 2021 వరకు ఈ కుర్రవాండ్రకు పెద్ద జట్లవారు సామాన్యముగా బస చూపలేదు. జీతము స్వల్పము, క్రింది మెట్లలో ఏడాదికి సుమారు 11,000 డాలర్లు. కాబట్టి ఊరి గృహిణులే తమ ఇంట ఒక గదినిచ్చి, భోజనము పెట్టి, ఆట ముగిసి అర్ధరాత్రి వచ్చువారికై తలుపు తీసి యుంచెడివారు. 2022 నుండి బస చూపుట పెద్ద జట్ల బాధ్యత యైనది. ఆటగాండ్రు సంఘముగా చేరి 2023 లో చేసికొన్న ఒడంబడికవలన అదే మెట్టున కనీస జీతము 26,200 డాలర్లయినది. ఇది న్యాయమే. కాని అంతవరకు కోట్లు గడించు పెద్ద జట్లు తమ పనివారి కూడు గూడు ఊరి ఇల్లాండ్ర దయకు వదలిపెట్టినవని మేము చెప్పక తప్పదు. ఆ దయకు వారు ఖరీదు కట్టలేదు; కృతజ్ఞతయైనను తగినంతగా చూపలేదు.

జట్టు తమదే యని ఊరివారనుకొన్నంత మాత్రమున సరిపోవునా? న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరు పట్టణమువారు దీనికి ఒక సమాధానము వెదకిరి. వారి జట్టును సెయింట్ లూయిస్ కార్డినల్సు అను పెద్ద జట్టువారు 1956 ఆటల కాలము ముగియగనే వదలుకొనదలచిరి. అప్పుడు మోరీ సిల్వరు అను వర్తకుడు పూనుకొని, వాటా ఒక్కంటికి 10 డాలర్ల చొప్పున ఊరివారిచే కొనిపించి, 72 దినములలో కావలసిన ధనము కూర్చెను. వాటాదారులు ఎనిమిది వేలకు పైబడిరి. 1957 లో జట్టు ఊరి సొత్తయినది. ఆయన కుమార్తె నవోమీ సిల్వరు తరువాతి కాలమున ఆ సంస్థ నిర్వాహకత్వము వహించినది. అయినను ఆటగాండ్రను పంపు అధికారము ఊరికి రాలేదు. కార్డినల్సు పిమ్మట బాల్టిమోరువారు, వారి పిమ్మట మిన్నెసోటావారు, 2021 నుండి వాషింగ్టనువారు పంపుచున్నారు. ఇల్లు మనది, బిడ్డలు పరులవారు.

ఈ రాచెస్టరు జట్టే 1981 ఏప్రిల్ 18 వ తేదీ రాత్రి రోడ్ ఐలండు రాష్ట్రమందలి పాటకెట్టు అను మిల్లుల ఊరిలో ఆడినది. తొమ్మిది వంతులలో గెలుపు తేలలేదు, ఇరువదింట తేలలేదు. చలికి తాళలేక ఆటగాండ్రు విరిగిన కర్రలు కాల్చి చలి కాచుకొనిరి. తెల్లవారుజామున 4 గంటల 7 నిమిషములకు, 32 వంతులైన పిదప, ఆట నిలిపిరి. అప్పటికి బల్లలపై మిగిలినవారు 19 మంది. మరల జూన్ 23 వ తేదీన మొదలుపెట్టగా 18 నిమిషములలో పాటకెట్టువారు మూడు పరుగులకు రెండుగా గెలిచిరి. వృత్తిగా ఆడు బేసుబాలులో ఇంత దీర్ఘమైన ఆట మరియొకటి లేదు. నాడు ఆడినవారిలో వేడ్ బాగ్సు, కాల్ రిప్కెను అనువారు తరువాత దేశప్రసిద్ధులైరి. మాకు వారికంటె ఆ 19 మందిపైనే గౌరవము హెచ్చు. ఈస్టరు పండుగనాటి తెల్లవారుజామున, ఏప్రిల్ చలిలో, ఫలితము కూడ తెలియకయే ఇండ్లకు పోయిరి.

అట్టి ఊరికి జట్టు నిలిచినదా? లేదు. 2020 ఆటల కాలము తరువాత జట్టును వుస్టరు పట్టణమునకు తరలింతుమని యజమానులు ముందే ప్రకటించిరి. ఆ ఏడు కోవిడ్ వ్యాధివలన చిన్న జట్ల ఆటలన్నియు రద్దయినవి. పాటకెట్టువారికి కడపటి ఆట చూచు భాగ్యమైనను దక్కలేదు.

ఆ సంవత్సరమే మరియొక పెద్ద మార్పు జరిగినది. పెద్ద జట్లవారు చిన్న జట్ల నిర్వహణము తమ చేతిలోనికి తీసికొని, 160 జట్లకు బదులు 120 మాత్రమే చాలునని నిర్ణయించిరి. ఖర్చు తగ్గునని, ప్రయాణములు తగ్గునని, మైదానములు బాగుపడునని వారు కారణములు చెప్పిరి. కారణములందు కొంత సత్యము లేకపోలేదు. కాని పట్టికలో పేరు కొట్టివేయబడిన ఊళ్ల జనుల నెవ్వరు అడిగిరి? 1949 లో 59 లీగులుగా దేశమంతట వ్యాపించిన ఈ ఆట టెలివిజను వచ్చిన పిదప క్రమముగా చిక్కిపోయినది. అది జనులు తమంతట తాము రాకపోవుటవలన. 2020 నాటిది అట్టిది కాదు. వచ్చుచున్నవారి యెదుటనే తలుపు మూసిరి.

అట్లు కోల్పోయినవానిలో బటేవియా ఒకటి. సుమారు పదునైదు వేల జనులున్న ఈ ఊరు రాచెస్టరునకు పొరుగున కలదు. న్యూయార్కు-పెన్ లీగు అని తరువాత పేరుపొందిన సమాఖ్య 1939 లో ఈ ఊరిలోనే పుట్టినది. సమీపమున ఉల్లిపాయలు పండు నల్లని చిత్తడి నేలను అచ్చట ‘మక్’ అందురు. ఆ పేరిటనే 1998 లో జట్టునకు మక్‌డాగ్సు అని నామకరణము చేసిరి. 2008 లో వారు ఆ లీగున ప్రథమ స్థానము గెలుచుకొనిరి. బిల్ కాఫ్‌మన్ అను రచయిత 2003 లో తన ఊరిని గూర్చి ప్రకటించిన గ్రంథమునకు ఈ జట్టు పేరు చేర్చియే నామముంచెను. 2020 తో ఆ లీగే అంతరించినది.

ఇచ్చట చదువరులు చిత్తగింపవలసిన సంగతి ఒకటి కలదు. పెద్ద జట్లవారు తీసికొనిపోగలిగినది ఆటగాండ్రను, ఒప్పందపు కాగితమును. మైదానము ఊరిది, పేరు ఊరిది, కూర్చుండువారు ఊరివారు. 2021 లో ఒక దంపతులు పూనుకొని కళాశాల విద్యార్థులతో అదే పేరున, అదే డ్వయ్యరు మైదానమున మరియొక జట్టును నిలిపిరి. ఈ కుర్రవాండ్రకు జీతము లేదు. వీరికి బస ఇచ్చు ఇండ్లు మరల అవసరమైనవి. చూడవచ్చువారు మునుపటికంటె హెచ్చిరి.

ఇదే రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణమువారు వేరుదారి పట్టిరి. పెద్ద జట్లతో సంబంధము లేని ఫ్రాంటియరు లీగులో తమ వ్యాలీక్యాట్సు జట్టును 2021 లో చేర్చిరి. మరుసటి ఏడు అచ్చట బంతి విసరినవారిలో కుమార్ రాకరు అను యువకుడొకడు. ఇతని తల్లి లలిత భారత సంతతికి చెందినది. కొలది వారములకే పెద్ద జట్టువారు ఎన్నుకొనగా అతడు వెడలిపోయెను. 2024 సెప్టెంబరులో టెక్సాసు రేంజర్సు పక్షమున పై మెట్టున ఆడెను. ట్రాయ్ వారికి దుఃఖమును, గర్వమును కలసియే వచ్చియుండును.

బటేవియాలో మాత్రము మెట్లు లేవు. అచ్చట ఆడినవాడు వేసవి ముగియగనే కళాశాలకు పోవును. మునుపు సెప్టెంబరు వరకు నుండెడి ఆటలు నేడు ఆగస్టు తొలినాళ్లకే ముగియుచున్నవి. లెక్క వ్రాయువారు తక్కిన పుటలను ఖాళీగా ఉంచి, వచ్చు జూన్ మాసమునకు మరల అదే పుస్తకము తెరచుచున్నారు.