ఆపి ఆన్ చేస్తే పోయేదేమీ లేదు

పొలంలో మోటారు ఆగిపోతే రైతు ఎవరి కోసమూ చూడడు. స్టార్టరు దగ్గరికి పోయి ఎర్ర బటన్ నొక్కుతాడు. బీడీ కాల్చుకునేంత సేపు ఆగి పచ్చ బటన్ నొక్కుతాడు. చాలాసార్లు మోటారు తిరుగుతుంది. తిరగకపోతేనే మెకానిక్కుకు కబురు. అదే రైతు జేబులోని సెల్లు బిగుసుకుపోతే మాత్రం బస్సెక్కుతాడు. మండల కేంద్రంలో సెల్ షాపు కుర్రాడు ఫోను అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఆపి, మళ్లీ ఆన్ చేసి ఇస్తాడు. యాభయ్యో వందో పుచ్చుకుంటాడు. రానుపోను చార్జీలు, ఒక పూట పని పోవడం సరేసరి.

కుర్రాణ్ని తప్పు పట్టి లాభం లేదు. అతనూ షాపు అద్దె కట్టుకోవాలి. అసలు విషయం వేరే ఉంది. పల్లె జనం పనులన్నీ ఒక్కొక్కటిగా ఫోనులోకి ఎక్కించారు. బ్యాంకు ఓటీపీ ఫోనుకే వస్తుంది. ఆధార్ ఓటీపీ ఫోనుకే. ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనే అంటూ 2025 జనవరిలో ‘మన మిత్ర’ తెచ్చారు. ఇన్ని ఎక్కించినవారు, ఫోను మొరాయిస్తే ఆపి ఆన్ చేయడం ఎలాగో మాత్రం ఒక్క గ్రామసభలోనైనా చెప్పిన పాపాన పోలేదు.

తీగ లేని ఫోను పల్లెలకు వచ్చిన కొత్తలో ఈ ఇబ్బంది లేదు. బటన్ల ఫోను మొండికేస్తే వెనక మూత తీసేవారు. బ్యాటరీ బయటికి లాగి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టేవారు. అంతే, లేచి కూర్చునేది. చదువు రాని అవ్వకూ ఆ వైద్యం తెలుసు. ఇప్పటి టచ్ ఫోన్లకు మూత రాదు. బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది. ఆ వైద్యం చేసే చోటు మారిందే తప్ప వైద్యం మారలేదు.

అసలు ఆపి ఆన్ చేస్తే ఏమవుతుంది? కిరాణా కొట్టును తలచుకుంటే సరిపోతుంది. కొట్టు వెనక గదిలో సరుకు ఉంటుంది. ముందు బల్ల మీద తూకం, పొట్లాలు కట్టడం జరుగుతాయి. ఫోనులో ఫొటోలు, నంబర్లు, పాటలు ఉండేది వెనక గదిలో. ఏ పని చేయాలన్నా ఫోను కావలసింది తెచ్చి ముందు బల్ల మీద పెట్టుకుంటుంది. ఆ బల్లనే ర్యామ్ అంటారు. నాలుగు రోజులు గడిచేసరికి బల్ల నిండా సగం కట్టిన పొట్లాలే. తక్కెడ పెట్టడానికి చోటుండదు. ఏదో ఒక యాప్ దారికి అడ్డంగా పడుకుని కదలదు. అప్పుడే జనం ‘స్ట్రక్ అయింది’ అంటారు. ఫోను ఆపితే బల్ల మొత్తం తుడిచినట్టు ఖాళీ అవుతుంది. వెనక గది జోలికి ఎవరూ పోరు. మళ్లీ ఆన్ చేస్తే అన్నీ మొదటి నుంచి వరుసగా లేస్తాయి. టవరుతో కూడా కొత్తగా మాట కలుపుకుంటుంది. పోయేదల్లా అప్పటికి సగం నింపి సేవ్ చేయని ఫారమో, పంపని మెసేజో.

ఈ సంగతి తెలియకే జనానికి భయం. ‘ఆపితే నంబర్లన్నీ పోతాయట’ అనే మాట రచ్చబండ మీద ఎప్పుడూ వినిపిస్తుంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. దానికి కారణం ఒక చిన్న మాట. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. మోటారు స్టార్టరు మీద ఎర్ర బటన్ పక్కన రీసెట్ అనే రాసి ఉంటుంది. అక్కడ అది నొక్కితే నష్టం లేదు. ఫోనులో ఫ్యాక్టరీ రీసెట్ అంటే వెనక గది కూడా ఊడ్చేయడమే. కొన్న రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. చనిపోయిన తండ్రి ఫొటోలు, కూతురి పెళ్లి వీడియో, ఎరువుల కొట్టు అప్పుల లెక్క, వేరేచోట దాచి ఉంచకపోతే మళ్లీ దొరకవు. షాపులో ‘రీసెట్ కొట్టమంటారా?’ అని అడుగుతారు. మోటారు అలవాటు కొద్దీ రైతు తల ఊపుతాడు. ఇంటికొచ్చాక తల పట్టుకుంటాడు. ఆ మాట వినగానే ‘ఫొటోలు ఉంటాయా, పోతాయా?’ అని ఎదురు అడగడం ప్రతివారూ నేర్చుకోవాలి. దానికి చదువు అక్కర్లేదు.

ఇంకో చిక్కు దీనికంటే పెద్దది. దాన్ని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అనంతపురం జిల్లా పల్లెల్లో సగం ఇళ్ల పిల్లలు బెంగళూరులో ఉన్నారంటే అతిశయోక్తి కాదు. పండక్కి వచ్చిన కొడుకు తల్లికి తన పాత టచ్ ఫోను ఇచ్చిపోతాడు. లాక్ కూడా తనే పెడతాడు. ఆమె వేలిముద్ర ఎక్కించి, ‘ఇక్కడ వేలు పెడితే తెరుచుకుంటుంది’ అని చెప్పి బస్సెక్కుతాడు. మొదట్లో వేలితోనే గడిచిపోతుంది. ఒకరోజు చార్జింగు అయిపోయి ఫోను ఆగిపోతుంది. చార్జింగు పెట్టి ఆన్ చేస్తే వేలు పనిచేయదు. నాలుగంకెల పిన్ అడుగుతుంది. ఆమెకు తెలిస్తే కదా!

ఇది ఫోను చెడిపోవడం కాదు. ఆగి లేచిన ప్రతిసారీ మొదట పిన్ గానీ ప్యాటర్న్ గానీ అడగడం వాటి పద్ధతి. దొంగ చేతిలో పడితే తెరుచుకోకూడదని అలా చేశారు. అది వేసేదాకా లోపలి గదులన్నీ తాళం వేసే ఉంటాయి. ఫోను వస్తే మోగుతుంది గానీ చేసిందెవరో పేరు పడదు. వాట్సాప్ కదలదు. తోచిన అంకెలు వేస్తూపోతే ‘కాసేపు ఆగండి’ అంటుంది, ఆ కాసేపు పెరుగుతూ పోతుంది. బెంగళూరు కొడుక్కి ఫోను చేసి అడుగుదామా అంటే చేయాల్సింది ఆ ఫోనుతోనే. పక్కింటివారి సెల్లు దొరికినా కొడుకు నంబరు నోటికి రాదు. చివరికి షాపుకు పోతే రీసెట్ తప్ప దారి లేదంటారు. అది చేశాక ఫోను పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డు అడిగి మళ్లీ కూర్చోబెడుతుంది.

మూడు రోజులు వరుసగా తెరవకుండా లాక్‌లోనే ఉంటే ఆండ్రాయిడ్ ఫోను తనంతట తానే ఆగి లేచే ఏర్పాటును గూగుల్ 2025 ఏప్రిల్‌లో తెచ్చింది. భద్రతకు మంచిదే. కానీ బీరువాలో పెట్టిన అవ్వ ఫోను నాలుగో రోజున పిన్ అడిగితే, ఎవరో ఏదో చేశారని ఇంట్లో తగాదా వస్తుంది.

ఆన్ ఆఫ్ బటన్ల తీరు కూడా కంపెనీకో రకం. వెనకటిలా పక్క బటన్ నొక్కి పట్టుకుంటే కొన్నిట్లో ఆపే గుర్తు వస్తుంది. కొన్నిట్లో మాట్లాడే యంత్రం లేచి ‘ఏం కావాలి?’ అంటుంది. ఫోను ఆపమని నొక్కితే పలకరింపు ఎందుకో తయారు చేసినవారికే తెలియాలి. అలాంటి ఫోన్లలో పక్క బటన్, సౌండు బటన్ (కంపెనీని బట్టి పెంచేదో తగ్గించేదో) రెండూ కలిపి పట్టుకోవాలి. లేదా తెరను పైనుంచి రెండుసార్లు కిందికి లాగితే ఆపే గుర్తు దొరుకుతుంది. తెర పూర్తిగా బిగుసుకుపోయి వేలికి పలకకపోతే ఆన్ ఆఫ్ బటన్‌ను వదలకుండా అర నిమిషం దాకా పట్టుకోవాలి. చాలా ఫోన్లు దానికి లొంగుతాయి. వారానికి ఒకసారి ఆపి లేపితే చాలు. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో ఫోను అవతలి టవరు పట్టుకుని వదలకపోతే ఇంత కూడా అక్కర్లేదు. విమానం బొమ్మ నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ నొక్కితే సరి.

అయితే ఆపకూడని వేళలూ ఉన్నాయి. అప్‌డేట్ ఎక్కుతున్నప్పుడు ఆపరాదు. ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో డబ్బు పంపుతుండగా చక్రం తిరుగుతూ ఆగిపోతే, ఫోను ఆపి లేపి వెంటనే మళ్లీ పంపడం చాలామంది చేస్తున్న పొరపాటు. మొదటిది అప్పటికే పోయి ఉంటే రెండుసార్లు కట్టినట్టవుతుంది. ముందు ఖాతాలో బాకీ ఎంతుందో చూడాలి. వాట్సాప్‌లో పీఎం కిసాన్ అనో, చలానా అనో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కినవారు ఫోను ఆపి లేపి బయటపడ్డామనుకుంటారు. ఆ దొంగ ఫోనుతోపాటే లేస్తాడు. నెట్ ఆపేసి, బ్యాంకుకు, 1930 నంబరుకు వేరే ఫోనుతో చెప్పి, ఆ యాప్‌ను తీసేయించాలి. లోపల దాగకుండా బల్ల మీదే తిరిగే కొన్ని రకాల గూఢచారి యాప్‌లు మాత్రం ఆపితే తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2020లో వారానికోసారి ఫోను ఆపి ఆన్ చేయమంది. ఆస్ట్రేలియా ప్రధాని ఆల్బనీస్ 2023 జూన్‌లో, రోజూ రాత్రి ఐదు నిమిషాలు ఆపండని తన దేశ ప్రజలకు చెప్పారు. అక్కడ ప్రధాని చెప్పిన మాట ఇక్కడ చెప్పడానికి పంచాయతీలో ఒక్కరు లేకపోవడం విడ్డూరం.

ఇక్కడ చెప్పే ఒక్క మాట మరోలా ఉంది. ఉపాధి హామీ పనిలో ఫోనుతో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి హాజరు వేయాలని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఎండలో ఫోను వేడెక్కి, యాప్ బిగుసుకుంటే కూలీల హాజరు పడలేదు. దాన్ని సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఒకటో తేదీ పింఛను ఇచ్చేవారి చేతిలోనూ ఫోనే. అది మొరాయిస్తే అరుగు మీద ముసలివాళ్లు కూర్చునే ఉండాలి. సిబ్బంది ఆపి ఆన్ చేస్తారు. లేస్తే మంచిదే. కానీ తప్పు అవతల సర్వరుదైతే ఫోను పదిసార్లు ఆపినా లేవదు. అప్పుడు కూడా ‘ఫోను ఆపి ఆన్ చేసుకుని రేపు రా’ అనడం కొన్ని ఆఫీసుల్లో అలవాటైపోయింది. పక్కవాడి ఫోనులో కూడా అదే యాప్ పనిచేయకపోతే తప్పు ఫోనుది కాదని గుర్తు. జనం ఈ మాట అడగడం మొదలుపెడితే సాకులు కొన్నయినా తగ్గుతాయి.

నేర్పడానికి కోట్లు అక్కర్లేదు. గ్రామసభలో ఒక గంట చాలు. ఇంటర్ చదివే పిల్లలు నలుగురు ఉంటే చాలు. ఎవరి ఫోను వారి చేతే ఆపించి, లేపించి, లాక్ వారి చేతే తీయించాలి. పండక్కి వచ్చే కొడుకులు కూతుళ్లు బస్సెక్కే ముందు అదే పని చేయాలి. ఒక నంబరు గోడ మీదో క్యాలెండరు మీదో రాసిపోవాలి. రాయాల్సింది తమ ఫోను నంబరు, పిన్ కాదు. అంకెలు రాని తల్లులకు పిన్ కంటే ప్యాటర్న్ సులువు. మూడు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. రోజూ తెల్లవారుజామున ఇరవై ఒక్క చుక్కల ముగ్గు తడుముకోకుండా వేసే చేతికి తొమ్మిది చుక్కలు ఒక లెక్కా?