వేగమా? రాగమా?

గత వార్షికోత్సవం నాటి రాత్రి మన కళాశాల వేదికపై ఇద్దరు విద్యార్థులు గిటారు వాయించారు. మొదటివాని వ్రేళ్ళు కంటికి ఆనలేదు. అయిదు నిమిషాల పాటు స్వరాలు వడగళ్ళ వలె రాలినవి. ఈలలు, చప్పట్లు, వెనుక వరుసలలో కేకలు, ఏమి చెప్పవలె! రెండవవాడు బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థి. పాత చలనచిత్ర గీతం ఒకటి ఎన్నుకొని, నెమ్మదిగా, ఒక్కొక్క స్వరాన్ని చేతితో తడిమి చూచుకొంటున్నట్లు వాయించాడు. రెండు చోట్ల తడబడ్డాడు కూడా. సభలో సగం మంది అప్పటికే మాటలలో పడినారు. అతడు వేదిక దిగినప్పుడు చప్పట్లు కొట్టినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

మరునాటి ఉదయం మేము తరగతికి పోవుచుండగా వరండాలో బల్లలు సర్దుతున్న అటెండరు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆగి విన్నాము. అది రెండవ విద్యార్థి వాయించిన పాట. మొదటివాని వాద్యంలో కూనిరాగం తీయదగిన ముక్క ఒక్కటైనను ఉన్నదా అని ఆ రోజంతా ఆలోచించాము. మాకు జ్ఞాపకం రాలేదు.

ఈ వ్యాసానికి ప్రేరణ అది మాత్రమే కాదు. వార్షికోత్సవానంతరం కళాశాల కమిటీ ముందుకు రెండు విన్నపాలు వచ్చినవి. గిటారు కార్యక్రమం గోలగా పరిణమించుచున్నది కనుక వచ్చే ఏడాది నుండి దానిని తొలగింపవలెనని ఒక పెద్ద సూచించారు. అంతకంటె పెద్ద ఆంప్లిఫయరును, ధ్వనిని చీల్చి గర్జింపజేసే పెడళ్ళను కొనిపెట్టవలెనని విద్యార్థి సంఘం కోరింది. ఈ రెండు కోరికలు పరస్పర విరుద్ధాలుగా కనిపించును గాని, రెంటికిని తల్లివేరు ఒక్కటే. గిటారు అనగా చప్పుడు అని ఇరుపక్షాల వారును నమ్ముచున్నారు. మేము ఈ ఇద్దరితోను ఏకీభవింపజాలము.

మొదట మా తప్పు మేము ఒప్పుకొనుట మర్యాద. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుచున్న రోజులలో మేమును ఒక పాత గిటారు కొన్నాము. గురువు లేడు. సెల్‌ఫోనులో వీడియోలే గురువు. మెట్రోనోమ్ పెట్టుకొని నిమిషానికి నూరు దెబ్బలు, నూట ఇరువది, నూట అరువది అని వేగం పెంచుకొంటూ పోయినాము. హాస్టలులో మాకు కొంత పేరు కూడా వచ్చినది. సెలవులకు ఇంటికి వచ్చి, నానమ్మ ముందు కూర్చుండి మా విద్యనంతా ప్రదర్శించాము. ఆమె వక్క కత్తిరించుకొంటూ ఓపికగా విని, "బాగున్నది బేటా, శ్రుతి చేసుకోవడం అయినదా? ఇక పాట మొదలుపెట్టు" అన్నది.

ఆమె వెటకారానికి అనలేదు. నిజంగానే అప్పటి వరకు మేము తీగలు బిగించుకొనుచున్నామని అనుకొన్నది. ఆ మాట మమ్ము చాలకాలం వదలలేదు.

గిటారు మీద ఈ ప్రమాదం ఎందుకు ఎక్కువ? దానికి మెట్లు ఉన్నవి. వ్రేలు మెట్టుపై పడితే చాలు, స్వరం సిద్ధంగా లేచి వచ్చును. వయొలిన్ నేర్చుకొనువానికి మొదటి దినం నుండి చెవి పని చేయక తప్పదు. వ్రేలు నూలుపోగంత జరిగినను అపస్వరం పలుకును. గిటారు వాయించువాడు చెవి మూసుకొనియైనను స్వరస్థానం తప్పకుండా పరుగెత్తగలడు. సులభంగా దొరికినది కనుక దానిని పోగు చేయుటయే విద్య అనిపించును. కాని మన సంగీతం మెట్టుకును మెట్టుకును నడుమ నివసించునది. జారు, కంపితం, హిందుస్థానీ వారి మీండ్, ఇవన్నియు ఒక స్వరం నుండి మరొక స్వరానికి పోవు దారిలోనివే.

మెట్లు ఉన్నవి కనుక పాట పలుకదందురా? మన వీణకును మెట్లు ఉన్నవి. ఇరువది నాలుగు మెట్లు, మైనం మీద ఎత్తుగా నిలిపినవి. తీగను ప్రక్కకు లాగితే ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలుకును. ద్రాక్షారామంలో 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రి గారు ఆ తీగ చేత గాత్రాన్ని పలికించారు. వారి శిష్యుడు, 1936లో కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు ఇంకొక అడుగు ముందుకు వేసి కొమ్మ మీది కోయిలను వీణలో కూయించారు. ఉభయ గోదావరుల పిల్లలకు ఈ పేర్లు మేము చెప్పవలసి వచ్చుటయే విచారకరం. గిటారును ఏ దేశంలో నేర్వవలెనో అని వెదకుచున్నారు గాని, మెట్ల వాద్యం చేత పాడించు విద్య మన కాలువ గట్ల మీదనే పుట్టి పెరిగినదని ఎరుగరు.

ఇంతకంటె దగ్గరి ఉదాహరణ పాలకొల్లులో ఉన్నది. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో అక్కడ జన్మించాడు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు. ఆ ఇంట మాండొలిన్ ఉన్నది. పిల్లవాడు దానిని చేపట్టాడు. మాండొలిన్ మన వాద్యం కాదు. ఇటలీ నుండి వచ్చినది. జంట తీగలు, పొట్టి మెడ; మీటిన స్వరం క్షణంలో ఆరిపోవును. అందుచేత పాశ్చాత్యులు దానిపై స్వరాన్ని నిలుపుటకు ఎడతెగకుండా మీటుచుందురు. అట్టి వాద్యంపై తోడి రాగం పలుకునని ఆనాడు ఎవరైన అంటే నవ్వియుందురు.

ఆ బాలునికి విద్య నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. వారికి మాండొలిన్ వాయించుట రాదు. ఈ సంగతిని విద్యార్థులు ఆగి చదువవలెనని మా కోరిక. గురువు పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగ మీద వెదకి పట్టుకొనేవాడు. ఏ వ్రేలు ఎక్కడ పెట్టవలెనో చెప్పువారు లేరు. పాట ఒక్కటే కొలబద్ద. గొంతు జారిన చోట వ్రేలును జారవలె, గొంతు ఊపిరి తీసికొన్న చోట చేయి ఆగవలె. గురువునకు ఆ వాద్యం రాకపోవుటయే ఆ శిష్యునకు మహోపకారమైనదని మేము తలచుచున్నాము. వాద్యం తెలిసిన గురువైనచో వ్రేళ్ళు నేర్పియుండును. ఇతడు పాట నేర్పినాడు.

తరువాతి కథ తెలిసినదే. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవాలలో తొలి కచేరి. 1981లో మద్రాసు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవం; అప్పటికి వయస్సు పదునాలుగు. జంట తీగలను తీసివేసి, అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్ చేయించుకొన్నాడు. విద్యుత్తు ఇతనికి చప్పుడు కొరకు కాదు, స్వరం ఆరిపోకుండ నిలుచుట కొరకు అవసరమైనది. స్వరం నిలిచినప్పుడే కదా దానిని ఊపుటకు, జార్చుటకు వ్యవధి దొరకును! ఆంప్లిఫయరు కోరుచున్న మన విద్యార్థి సంఘం వారు ఈ తేడాను గమనింతురు గాక. 1998లో పద్మశ్రీ వచ్చినది. 2014 సెప్టెంబరు 19న, నలుబది అయిదవ ఏట, ఆయన కన్నుమూశారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. శ్రీనివాస్ మెరుపు వేగంతో వాయించలేదా? వాయించారు. ఆయనతో కలిసి శక్తి బృందంలో వాయించిన ఆంగ్ల గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ వేగానికి లోకమంతా ముక్కున వ్రేలు వేసికొన్నది. కనుక వేగం పాపమని మేము అనుట లేదు. నిండుకుండ పొర్లుట వేరు, ఖాళీ కుండ దొర్లుట వేరు. శ్రీనివాస్ త్వరిత స్వరాలలో సైతం రాగం చెదరకపోవుటకు కారణం, అంతకు ముందు ఆయన ఆ రాగాన్ని నెమ్మదిగా పాడియుండుట. మన మిత్రులు రెండవ అంతస్తు కట్టి తరువాత పునాది తీయుదమనుచున్నారు.

పాశ్చాత్య దేశాల గిటారులోనైన మాట వేరు కాదు. అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో 1925లో పుట్టిన బి. బి. కింగ్, ప్రత్తి చేలలో పని చేసి పైకి వచ్చిన నల్లజాతి గాయకుడు. తాను పాడునప్పుడు గిటారు వాయించేవాడు కాదు. పాట ఆపినప్పుడు గిటారు బదులు పలికేది. రెండు గొంతుల సంభాషణ వలె ఉండేది. ఎడమ చేతి వణుకుతో ఒక్క స్వరాన్ని ఆయన నిలిపిన తీరు విని, ఇది ఫలానా వారి చేయి అని లోకం గుర్తుపట్టేది. వేయి స్వరాలు వాయించువారిని గుర్తుపట్టుట కష్టం. ఒకరి వేయి మరొకరి వేయి వలెనే ఉండును.

మన డెల్టాలో పౌరాణిక నాటకాలు చూచిన పెద్దలకు ఈ వ్యాధి క్రొత్తది కాదు. పద్యం నాలుగు పాదాలు ముగియక మునుపే హార్మోనియం అందుకొని, చివరి అక్షరాన్ని పట్టుకొని గుక్క విడువకుండా రాగం సాగదీసే నటులుండేవారు. 'వన్స్ మోర్' అని జనం కేకలు. ఇంటికి పోవు దారిలో ఆ పద్యంలో శ్రీకృష్ణుడు ఏమి చెప్పినాడని అడిగితే చెప్పగలిగినవాడు లేడు. వేరొక నటుడు మాటను విరిచి, అర్థం తెలిసేటట్లు చదివి, అవసరమైన చోట మాత్రమే రాగం తీసేవాడు. ఊరిలో నెల దినాలు నాలుకల మీద ఆడినది అతని పద్యమే. నేటి గిటారు గుక్కకు, నాటి నాటకం గుక్కకు బంధుత్వం ఉన్నది.

ఇంకొక పాఠశాల మన కళాశాల గోడల మధ్యనే ఉన్నది. ఉర్దూ శాఖ వారు ముషాయిరా జరిపినప్పుడు తరన్నుంలో గజల్ చదువు కవిని గమనింపుడు. మొదటి మిస్రాను ఒకసారి చదువును. ఆగును. సభ దానిని అందుకొని తిరిగి పలుకును. కవి మరల అదే పాదాన్ని, ఈసారి కొంచెం పైస్థాయిలో చదువును. వినువాని ప్రాణం రెండవ మిస్రా కొరకు వేచియుండును. అప్పుడు గాని ఖాఫియా, రదీఫ్ వచ్చి పడవు. పడిన వెంటనే 'వాహ్వా' లేచును. లీడ్ గిటారు వాయించువానికి ఇంతకంటె మంచి గురువు ఏ వీడియోలో దొరకును? మొదట చిన్న మాట, తరువాత మౌనం, అదే మాట మరికొంచెం ఆర్తితో, ఆ పిమ్మట జవాబు. మొదటివాడు వార్షికోత్సవంలో మౌనానికి అర నిమిషమైన ఇచ్చి ఉంటే!

సాధనను గూర్చి రెండు మాటలు. గిటారు మూడవ తీగపై తొమ్మిదవ మెట్టు మీద స్వరం మీటి చెవిలో నిలుపుకొనుడు. తరువాత ఏడవ మెట్టుపై ఉంగరపు వ్రేలు పెట్టి, వెనుక మరి రెండు వ్రేళ్ళ ఆసరాతో, మణికట్టు త్రిప్పి తీగను ప్రక్కకు నెట్టుచు ఆ స్వరాన్నే అందుకొనుడు. అందినదని చేతికి తెలియదు, చెవికే తెలియును. తక్కువైన ఏడుపుగా, ఎక్కువైన అరుపుగా ఉండును. ఈ ఒక్క లాగుడును వారం దినాలు చేయుడు. పిమ్మట, వచ్చిన పాట ఏదైనను, నోటితో పాడి వినిపింపలేని ముక్కను వ్రేళ్ళతో వాయింపరాదని నియమం పెట్టుకొనుడు. పాడునప్పుడు ఊపిరి తీసికొనక తప్పదు కనుక వాద్యంలో కూడ ఊపిరి దానంతట అదే వచ్చి చేరును. గొంతు బాగుండకపోవుట అడ్డు కాదు. మా గొంతు విన్నవారు ఈ విషయమై సాక్ష్యమీయగలరు.

మన వంటి సంస్థలో వాద్యాలేల అని సంశయించు పెద్దలున్నారు. వారి అభిప్రాయం యెడ మాకు గౌరవమే. అయినను ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో జన్మించి, శ్రీరంగంలో స్థిరపడి, 1999లో మరణించే వరకు నాదస్వర విద్వాంసుడుగా దక్షిణ దేశమంతటా మన్ననలందుకొన్న షేక్ చినమౌలానా గారు మనవారే అని మాత్రం మనవి చేయుచున్నాము. ఆ వాద్యమును గూర్చియు, ఊరేగింపులో చెవులు గింగురుమనిపించు గోల అనువారు ఉన్నారు. ఆయన చేతిలో దానిని విన్నవారు అట్లనలేదు.

కనుక కమిటీ వారికి మా విన్నపం ఇది. గిటారును తొలగింపవద్దు, ఆంప్లిఫయరును కొనవద్దు. పెడళ్ళ కొరకు అనుకొన్న సొమ్ముతో వారానికి రెండు సాయంకాలాలు ఒక గాత్ర సంగీత ఉపాధ్యాయుని పిలిపింపుడు. ఆయనకు గిటారు రానక్కరలేదు, రాకున్న మరియు మంచిది. వచ్చే వార్షికోత్సవంలో గిటారు వాయింపదలచిన విద్యార్థి ముందుగా ఆ పాటను ఎంపిక సంఘం ఎదుట పాడి వినిపింపవలెనని నిబంధన పెట్టుడు. సగం మంది పేర్లు వెనుకకు తీసికొందురని మాకు తెలియును. మిగిలిన సగం కొరకే ఈ ఏర్పాటు.

తరన్నుం చెప్పుటకు మా ఉర్దూ సహాధ్యాపకులు నెలకొకమారు రాగలమని ఇదివరకే అంగీకరించారు. అస్ర్ నమాజు తరువాత గ్రంథాలయం ప్రక్క గది ఖాళీగానే ఉండును. తాళపుచెవి అటెండరు వద్ద ఉన్నది. బి.కాం. విద్యార్థి గత నెల నుండి అక్కడికే వచ్చి, తాను తడబడిన ఆ రెండు చోట్లను మరల మరల వాయించుకొనుచున్నాడు. మొదటివాడు కూడ మొన్న తలుపు దగ్గర కొంతసేపు నిలిచి విని పోయినాడట.