గాలి పరుపుకు పంచర్ ఎవరేస్తారు?

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి హబ్సిగూడ మీదుగా నాచారం ఈఎస్ఐ దవాఖానా దాకా పోతే కుక్కర్‌కు, మిక్సీకి, సెల్‌ఫోన్‌కు మరమ్మతు చేసే దుకాణాలు ఎన్నో కనిపిస్తాయి. మంచాన పడ్డ మనిషి కింద వేసే గాలి పరుపు లీకైతే మాత్రం, నేను తిరిగిన సర్జికల్ షాపులన్నిట్లో ఒకటే జవాబు: ‘రిపేర్ ఉండదు మేడమ్, కొత్త సెట్టు తీస్కోండి.’ తీసుకుంటే మూడేళ్లలో మాకది మూడో సెట్టు అయ్యేది. తీసుకోలేదు. మీరూ తొందరపడి తీసుకోవద్దనే చెప్తున్నాను, కొన్ని షరతులతో.

ఇంట్లో ఫాలిజ్ వచ్చిన బుజుర్గులు ఉన్నవాళ్లకు ఈ పరుపు తెలుసు. ఆల్ఫా బెడ్ అంటారు. ఇది ఆరామ్ కోసం కొనేది కాదు. పైన వరుసలుగా బుడగలుంటాయి. మంచం కాళ్ల వైపు తగిలించిన చిన్న పంపు నుంచి రెండు గొట్టాలొస్తాయి. ఒక గొట్టం తన వరుసలను నింపుతుంటే రెండో దాని వరుసలు దిగుతాయి, దాదాపు 10 నిమిషాలకోసారి తారుమారవుతాయి. అంతసేపూ ఒకేచోట ఎముక ఒత్తుకుంటే అక్కడికి ఖూన్ అందదు. చర్మం కమిలి పుండు పడుతుంది, నడుం కింద, తుంటి దగ్గర, మడమల మీద. షుగర్ ఉన్న ముసలి ఒంట్లో ఆ జఖమ్ మానడానికి నెలలు పట్టొచ్చు. కాబట్టి గాలి పోయిందంటే పరుపు కాస్త మెత్తబడిందని ఊరుకునే విషయం కాదు. చెయ్యి వెల్లకిలా పెట్టి, పరుపు కిందికి, సరిగ్గా తుంటి ఉన్నచోటికి తోసి చూడండి. ఎముక చేతికి తగిలిందా, మనిషి గాలి మీద లేనట్టే. మా అమ్మీ ఫజర్‌కు లేచినప్పుడు నానీమాకు అలా చూసే కనిపెట్టింది.

రియాద్‌లో ఉన్న మామూ ఫోన్లో ‘ఫేంక్ దో, నయా లే లో, పైసలు నేను పంపుతా’ అన్నాడు. ఆయన ముహబ్బత్‌కు వంక పెట్టను. కానీ గుండుసూది తలంత చిల్లు కోసం 3,000 పైచిలుకు ఖర్చుపెట్టి, బాగా నడుస్తున్న పంపును కూడా దాంతోపాటే చెత్తలో వేయడం ఇస్రాఫ్ కాక ఏమిటి? పైగా పంపడానికి రియాద్‌లో మామూ లేని ఇళ్లున్నాయి. అక్కడ కొత్తదీ రాదు, పాతదీ బాగుపడదు. పంపు నాబ్ చివరిదాకా తిప్పేసి ఆ లీకైన పరుపు మీదే పడుకోబెడతారు. చిలకానగర్‌లో ఒక ఇంట్లో ఇది కళ్లారా చూశాను. ఆ బూఢీమా వీపు గురించి ఇక్కడ రాయలేను.

మరమ్మతు విషయానికొస్తే, ముందు గొట్టాలు చూడాలి. వదులయ్యాయా, మంచం కోడు కింద నలిగాయా అని. తర్వాత పంపు దగ్గర గొట్టాలు ఊడదీసి, ఆ రెండు ముక్కులకూ బొటనవేళ్లు అడ్డం పెట్టాలి. కాసేపు ఆగితే వంతులవారీగా రెండింటా ఒత్తిడి తెలియాలి. తెలియకపోతే జబ్బు పంపులోని రబ్బరు పొరది, పరుపుది కాదు. పంపు బాగుంటే పరుపు నిండా గాలి నింపి, సబ్బునీళ్లు బ్రష్షుతో పూయండి, నురగ ఎక్కడ లేస్తే చిల్లు అక్కడ. మాది అంచున, మంచం ఇనుప పట్టీ ఒరుసుకున్న చోట ఉంది. (కింద మామూలు పరుపు వేయకుండా దీన్ని ఇనుప మంచం మీద ఎప్పుడూ వేయకండి.)

సైకిల్ పంచర్ సొల్యూషన్ దీనికి పనికిరాదు. అది రబ్బరుకు, ఇది పీవీసీ. మా తమ్ముడు జొహర్‌కు వేయించుకొచ్చిన ముక్క మగ్రిబ్‌కు ఊడింది. ఫెవిక్విక్ గట్టిపడి, మడతపడ్డచోట పెళుసుగా విరుగుతుంది. చివరికి నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వైపు పీవీసీ కవర్లు, పరదాలు కుట్టే ఒక రేకుల షెడ్డులో పెద్దాయన దొరికాడు. ‘ఇది పనే కాదు ఆపా’ అంటూ స్పిరిట్‌తో తుడిచి, పీవీసీ ముక్కను మూలలు లేకుండా గుండ్రంగా కత్తిరించి, పీవీసీ గమ్ముతో అంటించి బరువు పెట్టాడు. 150 రూపాయలు. ‘24 గంటలు గాలి కొట్టొద్దు’ అన్నాడు.

అసలు ముష్కిల్ ఇక్కడే. ఆ 24 గంటలు నానీమాను ఎక్కడ పడుకోబెట్టాలి?

మా ఇంట్లో నయం, పాత దూది పరుపు ఉంది. నానీమా జహేజ్‌లో తెచ్చుకున్న దూది అది. గట్టిపడినప్పుడల్లా పింజారీ సాయెబు విల్లు పట్టుకుని వాకిట్లోకి వచ్చేవాడు, అదే దూది ఏకి, అదే గలీబులో మళ్లీ కుట్టి పోయేవాడు. పరుపు పారేయడమనే మాటే ఉండేది కాదు. ఫోమ్ వచ్చింది, ఆయన రావడం ఆగింది, అది వేరే కథ. ఆ దూది పరుపు మీద ఒక పగలూ రాత్రీ రెండేసి గంటలకు ఒకరం వంతుకు లేచి నానీమాను అటూ ఇటూ తిప్పాం. నిజానికి గాలి పరుపున్నా ఈ తిప్పడం తప్పదు. పరుపు కొనేశాం కదా అని ఖిద్మత్ తగ్గించుకున్న ఇళ్లు కూడా తెలుసు నాకు.

ఇంట్లో ఉన్నది ఒకే కోడలు, ఆమె పగలు పనికి పోయేదైతే? వాళ్లు ఆ ఒక్క రోజుకు భయపడే కొత్తది కొంటారు, లేదా లీకైనదాన్నే నెట్టుకొస్తారు. జనం మరమ్మతు చేయించకపోవడానికి అసలు వజా ఇదేనని నాకు అనిపిస్తుంది. చిల్లు మూయొచ్చు, నడుమ ఒక్క రోజుకు ఇంకో పరుపు లేదు, అంతే.

మన మస్జిదుల్లో జనాజా డోలా తయారుగా ఉంటుంది. ఎవరి ఇంట్లో మౌత్ అయినా అడిగిన వెంటనే ఇస్తారు, కిరాయి ఉండదు. మంచిదే. ఆ డోలా ఎక్కేలోపు నాలుగేళ్లు మంచం మీద గడిపే మనిషికి మహల్లాలో ఏముంది? ఒక్క స్పేర్ గాలి పరుపు, ఒక పంపు, ఒక పీవీసీ గమ్ము ట్యూబు. ఇఫ్తార్ దావత్ ఖర్చులో ఎంత ఇది?

ఇక నేను చెప్పిన షరతులు. చిల్లు చదునైన చోట ఉంటేనే అతుకు. అతుకుల కుట్టు వెంబడి లీకైనా, లోపల ఒక వరుస గాలి పక్క వరుసలోకి పోతున్నా, ప్లాస్టిక్ బిరుసెక్కి పగుళ్లిచ్చినా కొత్తది తెచ్చేయండి. అప్పుడైనా పంపు బాగుంటే పరుపు మాత్రమే ఇమ్మని అడగండి. ఒంటి మీద ఎర్రని మచ్చ కనిపించి, నొక్కినా తెల్లబడకపోతే పైసల హిసాబ్ పక్కన పెట్టి అదే రోజు పరుపు మార్చండి, డాక్టర్‌కు చూపించండి.

సర్కారు 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. సేద్యం పనిముట్లు, ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, ఈ నాలుగు రంగాలతో మొదలుపెట్టారు. బీమార్ మనిషి కింది పరుపు ఎవరికీ యాద్ రాలేదు.

స్పేర్ పరుపు సంగతి మా మస్జిద్ కమిటీ సదర్ సాబ్‌ను తమ్ముడితో అడిగించాను. ‘సోచేంగే, పెట్టడానికి జాగా ఎక్కడుంది?’ అన్నారట. గాలి తీసి మడిస్తే అది దిండంత. వజూఖానా పక్కన అల్మారాలో పై అర ఖాళీగానే ఉంది. వచ్చే జుమా నమాజ్ తర్వాత తమ్ముడు ఆ అర ఫోటో తీసి ఆయనకు చూపిస్తాడు.