ఇంటి తాళం ఇచ్చాం, ఇంటి పాఠం ఇవ్వలేదు

జిన్నారం చుట్టుపక్కల బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి కర్మాగారాల షిఫ్టు వేళలు పిల్లల బడి వేళలతో కలవవు. తల్లిదండ్రులిద్దరూ పనిలో ఉన్న గంటల్లో ఆ ఇంటికి పెద్దదిక్కు ఎవరు? 12, 13 ఏళ్ల పిల్ల. చేతిలో తాళంచెవి, చంకలో తమ్ముడు, పొయ్యి మీద పాలు. పొట్టకూటికి ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కుటుంబాలకైతే పక్కన అమ్మమ్మా నాయనమ్మా కూడా ఉండరు. ఈ సంగతి మీకూ తెలుసు, బడి పంతులుకూ తెలుసు. అయినా ఆ పిల్లకు అవసరమైన నాలుగు విషయాలు నేర్పే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. ఈ ఉపేక్షను ఒక వైద్యుడిగా నేను తప్పుపడుతున్నాను.

“ఇవన్నీ నేర్పితే పిల్లల్ని ఒంటరిగా వదిలెయ్యమని మనమే చెప్పినట్టు కాదా?” అని కొందరు పెద్దలు అడుగుతారు. ధనుర్వాతం టీకా వేయించుకున్నవాడు కావాలని తుప్పు మేకు తొక్కుతాడా? పిల్లలు ఇప్పటికే ఒంటరిగా ఉన్నారు. మనం నేర్పకపోతే వాళ్ల ఒంటరితనం తగ్గదు, ప్రమాదమే పెరుగుతుంది.

“కర్మాగారాల్లో శిశుసంరక్షణ కేంద్రాలు పెట్టాలి” అనే మాట న్యాయమైనదే. 30 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట అటువంటి గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలో ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. అవి సక్రమంగా నడవాలని నేనూ కోరుతాను. కాని ఫ్యాక్టరీల చట్టం చెప్పిన గది ఆరేళ్ల లోపు పసివాళ్లకే. బడి వదిలాక ఏడేళ్ల తమ్ముణ్ణి చూసుకునేది అక్కే.

“ఆడపిల్లకు ఇవి పుట్టుకతోనే వస్తాయి” అన్నది మూడో వాదన. ఇది అన్నిటికంటే హానికరం. ఆప్యాయత పుట్టుకతో రావచ్చు, జ్ఞానం రాదు. కాలినచోట టూత్‌పేస్టు, సిరా పూయకుండా 20 నిమిషాలు చల్లని నీటిధార కింద పెట్టాలని ఎవరో ఒకరు చెప్పాలి. కిరోసిన్ తాగిన పిల్లవాడికి వాంతి చేయించరాదనీ, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకమనీ చెప్పాలి. కూల్‌డ్రింకు సీసాలో యాసిడ్ పోసి దాచరాదనీ, సగం నిండిన బకెట్టు కూడా పాకే బిడ్డను ముంచగలదనీ చెప్పాలి. ఏడాది లోపు బిడ్డకు గొంతులో ఏదైనా అడ్డుపడితే ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉంచి, రెండు భుజాల మధ్య ఐదుసార్లు చరచాలి. దీన్ని మాటల్లో చెబితే చాలదు, బొమ్మ మీద చేయించాలి. ఈ పాఠం మగపిల్లలకూ అంతే అవసరం.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన పాఠం మరొకటి ఉంది. ఇంట్లో వంటగ్యాసు వాసన వస్తే స్విచ్చు ముట్టకుండా రెగ్యులేటర్ కట్టి, తలుపులు కిటికీలు తెరిచి, చిన్నపిల్లలతో బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. కర్మాగారం నుంచి ఘాటైన వాయువు వస్తే అందుకు విరుద్ధంగా లోపలే ఉండి తలుపులు కిటికీలు మూసి, అధికారుల సూచన కోసం చూడాలి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమలు అత్యవసర ప్రణాళిక సిద్ధం చేసుకోవాలన్నారు. గేటు లోపల తండ్రికి సైరన్ అర్థం చెబుతున్నప్పుడు, గోడ అవతల ఉన్న ఆయన బిడ్డకు ఎందుకు చెప్పరు?

ఆపద మనుషుల రూపంలోనూ రావచ్చు. తెలిసినవాడైనా సరే, అమ్మానాన్నలు ముందుగా చెప్పకపోతే తలుపు తీయనక్కరలేదనీ, “ఎవరికీ చెప్పకు” అన్నవాడి గురించి వెంటనే చెప్పాలనీ, 1098కి పిల్లలే ఫోను చేయవచ్చనీ వాళ్లకు తెలియాలి.

అయితే హద్దులూ ఉన్నాయి. 13 ఏళ్ల పిల్లకు రాత్రి షిఫ్టంతా చంటిబిడ్డను అప్పగించరాదు. తమ్ముడి కోసం బడి మాన్పించరాదు. శిక్షణ పెద్దల బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు.

అమెరికా రెడ్‌క్రాస్ 11 ఏళ్లు దాటిన పిల్లలకు పసివాళ్ల సంరక్షణలో శిక్షణ ఇస్తుంది. మనకూ జూనియర్ రెడ్‌క్రాస్, స్కౌట్లు ఉన్నాయి. ఏడు, ఎనిమిది తరగతుల వారికి నెలకొక శనివారం చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సు, కర్మాగారం నుంచి ఒక భద్రతాధికారి వస్తే ఖర్చు ఎంత? 108 సేవ 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. ఫోను తీసినవారికి తన ఇంటి గుర్తు చెప్పడం రాని పిల్లకు ఆ సేవ ఉండీ ప్రయోజనమేమిటి?

ఈ రాత్రి మీ ఇంటి పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: “నేను లేనప్పుడు గ్యాసు వాసన వస్తే మొదట ఏం చేస్తావు?” జవాబు తడబడితే కోప్పడకండి. వాళ్లను వంటగదిలోకి తీసుకెళ్లి రెగ్యులేటర్ కట్టడం చేయించి చూపండి. సోమవారం బడికి వెళ్లి, ప్రధానోపాధ్యాయుణ్ణి ఇదే ప్రశ్న అడగండి.