చైనా హోటల్లో కార్తీక సోమవారం

ద్రాక్షారామంలో మా మేనత్త అమెరికా నుంచి వచ్చిందని తెలిసి వీధి వీధంతా వచ్చి కూర్చుంది. మనవడిది ఎవరి పోలిక, అక్కడ చలెంత, కూతురికి పనిమనిషి ఉందా... అన్నీ అయ్యాక అసలు ప్రశ్న వచ్చింది.

'ఆరు నెలలూ ఏం తిన్నావు వదినా?'

'ఇంట్లో అయితే మన వంటే. బయటికెళితే చైనా హోటలు' అంది అత్త.

అంతా ఒక్కసారి ఊరుకున్నారు. మరి ఆవిడ కాపురం భీమేశ్వరుడి గుడికి కూతవేటు దూరంలో! కార్తీకమాసం వచ్చిందంటే ఉల్లిపాయని కూడా గడప దాటనివ్వదు. 'చైనా హోటలా? కప్పలూ, పాములూ...' అంటూ ఎవరో సాగదీశారు.

'కప్పలు నాకు కనపళ్లేదమ్మా. అన్నం కనపడింది, తిన్నాను' అని తేల్చేసింది.

నవ్వుకున్నాంగానీ, దేశం దాటిన తెలుగువాళ్లలో చాలామంది కథ ఇదే. వెళ్లిన కొత్తలో రొట్టె, చీజు, చల్లటి శాండ్‌విచ్చులతో నాలుగు రోజులు నెట్టుకొస్తారు. ఐదో రోజున ప్రాణం అన్నం కోసం కొట్టుకుంటుంది. మన హోటల్ ఉంటే సరే. లేదంటే వెతికేది చైనా హోటల్నే. పొగలు కక్కే తెల్లటి అన్నం, నంజుకోవడానికి కారంగానో పుల్లగానో ఓ కూర, జేబుకి మరీ చిల్లు పడని బిల్లు. పైగా గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెట్టుకుని అందరూ వడ్డించుకు తినే పద్ధతి. ఇల్లు గుర్తుకు రావడానికి అంతకన్నా ఏం కావాలి?

రంగం తాత 'చైనా సేమ్యా'

నిజానికి మా ఇంట్లో చైనా హోటల్ గడప తొక్కిన మొదటి మనిషి అత్త కాదు, ఆవిడ తాత. మాది కోరంగి. ద్రాక్షారామం నుంచి యానాం మీదుగా వెళితే వస్తుంది. ఇప్పుడు మడ అడవులు చూడటానికి వెళ్తున్నారుగానీ ఒకప్పుడది పేరున్న ఓడరేవు. ఈ తీరం నుంచి వేలాదిమంది బర్మాకు కూలికి వెళ్లారు. మనవాళ్లు రంగూన్‌ను 'రంగం' చేసుకుంటే, అక్కడివాళ్లు తెలుగువాళ్లకు 'కోరంగీలు' అని పేరు పెట్టారు. రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం... బతుకు అదీ.

పొద్దుపోయాక పని దిగితే చైనావాళ్ల అంగడే దిక్కని తాత చెప్పేవాడట. గిన్నెడు వేడి నూడుల్స్ పెట్టేవారు. ఆయన దానికి పెట్టుకున్న పేరు 'చైనా సేమ్యా'. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు పారిపోయి వచ్చారు. చాలామంది అడవుల వెంట నడిచే వచ్చారు. తాత కూడా అలా వచ్చినవాడే. రంగంలో సంపాదించిందేమీ మిగల్లేదు, ఆ సేమ్యా ముచ్చట తప్ప!

వాళ్లదీ వలస బతుకే

తెలుగువాడికి అన్నం పెట్టే ఆ చైనా హోటలాయన కూడా ఊరొదిలి వచ్చినవాడే. అమెరికా 1882లో చైనా కూలీలు రాకుండా చట్టం చేసింది. వ్యాపారులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1915లో వచ్చిన ఓ కోర్టు తీర్పుతో హోటల్ యజమాని కూడా వ్యాపారి లెక్కలోకి వచ్చాడు. ఇంకేం! హోటల్ పెట్టడమే దేశంలోకి రావడానికి ఓ దారయ్యింది. వీసా కోసం పడే పాట్లు మనకు మాత్రం కొత్తా? ఆ చట్టం 1943లో రద్దయ్యింది. హోటళ్లు మాత్రం ఊరూరా పాతుకుపోయాయి.

వచ్చి తినేది అమెరికన్లు కాబట్టి వంటా వాళ్ల నాలుకకు తగ్గట్టే మారింది. అక్కడ పేరుమోసిన 'జనరల్ త్సో చికెన్' సంగతే చూడండి. పెంగ్ చాంగ్ కుయ్ అనే హునాన్ వంటగాడు 1950ల్లో తైవాన్‌లో దాన్ని తయారుచేసినప్పుడు అందులో తీపి లేదు. అమెరికా చేరాకే పంచదార పడింది. బిల్లుతో పాటు చేతిలో పెట్టే 'ఫార్చ్యూన్ కుకీ'కి మూలం చైనా కాదు, జపాన్!

అంతెందుకు, మన మంచూరియా మాత్రం? కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటగాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దానికి ప్రాణం పోశాడు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా బదులు సోయాసాస్, కార్న్‌ఫ్లోర్ కలిపాడు. చైనాలోని మంచూరియాకీ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అందుకే మనవాళ్లు విదేశాల్లో అసలు చైనా హోటల్‌కు వెళ్లి 'గోబీ మంచూరియా' అడిగితే వాళ్లు తెల్లమొహం వేస్తారు.

ఆల్చిప్ప బొమ్మ

మళ్లీ అత్త దగ్గరికొద్దాం. డల్లాస్‌లో కూతురికి నొప్పులొచ్చి ఆసుపత్రిలో చేర్చిన రోజు కార్తీక సోమవారం. చుక్కను చూశాక గానీ అత్త ముద్ద ముట్టదు. రాత్రి పిల్లాడు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. అప్పుడు గుర్తొచ్చింది అల్లుడికి, అత్తగారు పొద్దుటి నుంచీ మంచినీళ్ల మీదే ఉందని. ఆసుపత్రి క్యాంటీన్‌లో ఆవిడ తినగలిగేదేమీ లేదు. రోడ్డుకి అవతల చిన్న చైనా హోటల్. నాలుగే బల్లలు. కౌంటర్ వెనకే పొయ్యి.

అల్లుడు అన్నం, టోఫూ కూర చెప్పాడు. 'వెజిటేరియనే కదా?' అంటే పొయ్యి దగ్గరున్న పెద్దావిడ తలూపింది. అత్తకు మాత్రం అనుమానం తీరలేదు. 'అందులో పోసేదేంటో అడగండి బాబూ' అంది. ఆవిడ సీసా తెచ్చి చూపించింది. అల్లుడింకా అక్షరాలు వెతుక్కుంటున్నాడు. అత్త మాత్రం బొమ్మ చూసి ఠక్కున చెప్పేసింది... 'ఆల్చిప్ప!' కోరంగి పిల్లకు ఆల్చిప్ప తెలియకపోవడమేంటి?

భాష రాదు. అత్త రెండు చేతులూ జోడించి, పైకి చూపించి, తల అడ్డంగా ఊపింది. ఆ చైనా ఆవిడ ఒక్క క్షణం చూసి ఫోన్ తీసి తన భాషలో ఏదో చెప్పింది. ఫోన్ దాన్ని ఇంగ్లిషులో పలికింది. 'ఈ రోజు దేవుడి రోజా? నాకూ ఉంది, పౌర్ణమికి.'

చైనా బౌద్ధుల్లో చాలామంది చాంద్రమాన నెలలో 1వ, 15వ రోజుల్లో మాంసం ముట్టరు. గట్టి నియమం ఉన్నవాళ్లయితే ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు. ఈ సంగతి అత్తకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ మూకుడు అత్త ఎదుటే తోమి కడిగింది. అల్లం, ఉప్పు, నూనె, క్యాబేజీ, టోఫూ... అంతే. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు.

'ఆకలికి కాశీనే శపించబోయిన వ్యాసుడికి అమ్మవారు మామూలు ఇల్లాలిలా వచ్చి అన్నం పెట్టలేదురా? ఆ తర్వాతే కదా ఆయన మన ద్రాక్షారామం వచ్చాడు. ఏ వేషంలో పెడితేనేం' అంది అత్త, ఈ కథ చెబుతూ.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

అత్తకు దొరికినంత అదృష్టం అందరికీ దొరక్కపోవచ్చు. శాకాహారులు కొన్ని సంగతులు ముందే అడగటం మంచిది. ఫ్రైడ్‌రైస్‌లో గుడ్డు సాధారణంగా ఉంటుంది, వద్దంటేనే మానేస్తారు. సూపు కూరగాయలదైనా అందులో పోసేది చికెన్ ఉడికించిన నీళ్లు కావచ్చు. 'మాపో టోఫూ' పేరులో టోఫూ ఉన్నా మామూలుగా అందులో మాంసం కీమా వేస్తారు. 'వెజిటేరియనా?' అని ఒక్క మాట అడిగి ఊరుకోకుండా గుడ్డు, చికెన్, చేపల సాస్, ఆయిస్టర్ సాస్ అని విడివిడిగా అడగండి. అన్నిటికన్నా సాదా అన్నం, ఉడికించిన కూర నయం. చప్పగా ఉంటే మిరప నూనె అడగండి.

సింగపూర్, మలేసియా వెళితే 'ఎకానమీ రైస్' దుకాణం వెతకండి. అచ్చం మన కర్రీ పాయింటే! అద్దం వెనక ట్రేలలో కూరలుంటాయి. వేలితో చూపిస్తే అన్నం మీద వడ్డిస్తారు.

మొన్న వేసవిలో ద్రాక్షారామం వెళ్లేసరికి అత్త జాడీలోంచి కొత్త ఆవకాయ తీసి సీసాకి ఎత్తుతోంది. అల్లుడి స్నేహితుడెవరో డల్లాస్ వెళ్తున్నాడట. ఒక సీసా కూతురికి. రెండోది ఎవరికని అడిగాను.

'ఆవిడకేరా. వెల్లుల్లి వెయ్యకుండా విడిగా కలిపాను, పౌర్ణమికి కూడా తినొచ్చు' అంది. తర్వాత ఓ కాగితం ముక్క, పెన్నూ నా చేతిలో పెట్టింది.

'పేరు రాస్తే ఆవిడకేం తెలుస్తుంది? మామిడికాయ బొమ్మ వెయ్యి.'