'వేద' అను క్రియ: స్లావ్ భాషలు చెప్పు సాక్ష్యము

రష్యన్ భాషలో 'వేదత్' అను క్రియకు 'ఎరుగుట' అని అర్థము. సంస్కృతమునందలి 'విద్' ధాతువుతో దీనికి గల సామ్యము చెవికే తెలియును. ఇంతమాత్రమున స్లావ్ జాతులు ఒకప్పుడు వైదికులేయనియు, వారి భాష సంస్కృతము నుండియే పుట్టినదనియు ఉత్సాహముతో ప్రకటించువారు కలరు. ఆ ఉత్సాహము భక్తిజన్యమే గాని ప్రమాణసిద్ధము కాదు. ఈ రెండును ఒకే ప్రాచీన భాషకు సంతానమని భాషాశాస్త్ర నిర్ణయము. అవి అక్కాచెల్లెండ్రు, తల్లీబిడ్డలు కావు.

అయినను ఈ చుట్టరికమున సాధకునకు గ్రహింపదగినది వేరొకటి కలదు. ఆ మూలభాషలో ఈ ధాతువునకు తొలి అర్థము 'చూచుట'. 'చూచియున్నాడు' అను రూపమే 'ఎరుగును' అను అర్థమును పొందినది. ఉపనిషత్తులలో 'వేద' అనునది గ్రంథనామముగానే కాక, 'ఎరుగును' అను క్రియగను వచ్చును. దాని రూపము లిట్టుది, అర్థము లట్టుది. పాణిని ఈ విశేషమును సూత్రించియే యున్నాడు. చూపు గడచినది, ఎరుక నిలిచినది.

స్లావ్ భాషలలో ఈ ధాతువు రెండు క్రియలైనది. రష్యన్‌లో 'వీదెత్' చూచుట, 'వేదత్' ఎరుగుట. ఈ రెండవదాని సంతతి విచిత్రము. చెక్ భాషలో 'వ్యెదా' యనగా విజ్ఞానశాస్త్రము. రష్యన్‌లో 'వేద్మ' యనగా మంత్రగత్తె. 'వేదొమ్‌స్త్వొ' యనగా ప్రభుత్వశాఖ. 'తోడుగా' అను ఉపసర్గ చేరిన 'సోవెస్త్' మాత్రము మనస్సాక్షి. ఒకే ఎరుక ఒకచోట అధికారమైనది, ఒకచోట భయహేతువైనది, మరియొకచోట అంతరంగమున వెలిగినది.

సాక్షిని రష్యన్లు 'స్విదేతెల్' అందురు. తొలుత దాని అర్థము 'తోడుగా ఎరిగినవాడు'. కాలక్రమమున జనులు అందు 'చూచుట' అను క్రియను విని, పదస్వరూపమునే మార్చుకొనిరి. చూడనివాడు సాక్షి కాజాలడని లోకమునకు తోచినది కాబోలు! సంస్కృతమునందును సాక్షి యనగా సాక్షాత్తుగా చూచినవాడే.

కావున 'వేదము మాది, వారికిని మేమే ఇచ్చితిమి' అను అభిమానము వలన సాధకునకు ఒనగూడునది లేదు. కంఠస్థమైన మంత్రము ఎంతయున్నను, దర్శనము లేనిదే అది విన్నమాటయే. వేదము గృహమున నామవాచకముగా నిలిచిన చాలదు. హృదయమున క్రియ కావలెను.